కోట శ్రీనివాసరావు హీరో కాకుండానే అంత పెద్ద నటుడు ఎలా అయ్యారు?

నాటకాలే ఆయనకు పునాది అంటాను. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే స్టేజీ మీద నటించేవారు. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో సినిమాల్లోకి వచ్చినా, పెద్ద పేరు తెచ్చింది మాత్రం 1985 నాటి ‘ప్రతిఘటన’. అందులో తెలంగాణ యాసలో మాట్లాడే మంత్రి పాత్ర ఆయనది.

రెండేళ్లకే ‘అహ నా పెళ్లంట’లో పిసినారి లక్ష్మీపతి! వేలాడదీసిన కోడిని చూస్తూ ఉత్త అన్నం తినే సీన్ గమనించండి. నవ్వించాలనే ఆత్రం ఆయన ముఖంలో ఎక్కడా ఉండదు. లక్ష్మీపతికి అది మామూలు భోజనమే, మనకే నవ్వు ఆగదు.

విలన్, తండ్రి, మోసగాడు, ఏ వేషమిచ్చినా యాస, నడక మార్చేసేవారు. అందుకే దర్శకులు ఆయన్ని ఒకే మూసలో పెట్టలేకపోయారు. మధ్యలో 1999లో విజయవాడ తూర్పు ఎమ్మెల్యేగా గెలిచారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. 2025 జులైలో కన్నుమూశారు.