సి డ్రైవ్ నిండిపోతే ముందు కొలత, తర్వాతే కోత

చిరంజీవి చిన్నాకి,

సి డ్రైవ్‌లో రెండు జీబీ కూడా మిగల్లేదనీ, ఏది తీసేయాలో పాలుపోవడం లేదనీ రాశావు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కనబడిన ఫోల్డర్నల్లా డిలీట్ చేయకు. చోటంతా ఎక్కడ పోయిందో ముందు కొలిచి చూడు.

విండోస్‌లో అందుకు విన్‌డర్‌స్టాట్, ట్రీసైజ్ ఫ్రీ, విజ్‌ట్రీ అనే ప్రోగ్రాములు ఉన్నాయి. నేనైతే విజ్‌ట్రీ వాడమంటాను. విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి డ్రైవ్‌లో ప్రతి ఫైలు వివరమూ మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టికలో ఉంటుంది. విజ్‌ట్రీ ఒక్కో ఫోల్డర్‌లోకీ దూరకుండా నేరుగా ఆ పట్టికనే చదువుతుంది, అందుకే సెకన్లలో పని ముగుస్తుంది. కానీ అలా చదవడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి తప్పనిసరి. అది ఇవ్వకుండా తెరిస్తే స్కాన్ నెమ్మదిస్తుంది, పైగా సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ లాంటి ఫోల్డర్లు లెక్కలోకి రావు. విండోస్‌ని వెనకటి స్థితికి తీసుకెళ్లే రీస్టోర్ పాయింట్లు ఉండేది అందులోనే. మొత్తం కూడితే కొన్ని జీబీలు ఎటుపోయాయో తేలదు.

స్కాన్ అయ్యాక ఫైల్ వ్యూ తెరువు. పెద్ద ఫైళ్లు పైనుంచి కిందికి వరసగా కనిపిస్తాయి. ఇక్కడ సైజ్, ఎలొకేటెడ్ అని రెండు నిలువు వరసలుంటాయి. నువ్వు నమ్మాల్సింది రెండోదాన్ని. వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలో) మబ్బు గుర్తున్న వీడియో సైజ్ ఐదు జీబీ చూపిస్తుంది, ఎలొకేటెడ్ మాత్రం సున్నా. అంటే ఆ ఫైలు నీ డిస్కులో లేదు, ఆన్‌లైన్‌లోనే ఉంది. దాన్ని డిలీట్ చేస్తే ఒక్క ఎంబీ కూడా కలిసిరాదు, ఆన్‌లైన్‌లో ఉన్న కాపీ మాత్రం పోతుంది. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. వన్‌డ్రైవ్ ఫైలు నిజంగా డిస్కు మీద ఉంటే రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కు, అంతకుమించి ఏమీ చేయకు.

ఇక పైవరసల్లో కచ్చితంగా కనబడేవి కొన్నున్నాయి. హైబర్‌ఫిల్ డాట్ సిస్ అంటే హైబర్నేషన్ కోసం, అంటే తెరిచిన పనిని డిస్కులో దాచి కంప్యూటర్ ఆపేయడం కోసం, ఉంచిన ఫైలు. ర్యామ్ 16 జీబీ ఉంటే ఇది ఆరేడు జీబీ దాకా ఉండొచ్చు. హైబర్నేట్ వాడనివాడివైతే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ హెచ్, మళ్లీ ఖాళీ, ఆఫ్ అని కొట్టు. ఫైలు దానంతటదే పోతుంది. ఫాస్ట్ స్టార్టప్ కూడా దాంతోపాటే పోతుందని తెలుసుకుని చెయ్యి. పేజ్‌ఫైల్ డాట్ సిస్ అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలు, దాని జోలికి వెళ్లకు.

విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్, అంటే విండోస్ తన సొంత భాగాలు దాచుకునే ఫోల్డర్, భారీగా కనిపిస్తుంది. అందులో చాలా ఫైళ్లకు హార్డ్ లింకులుంటాయి, అంటే ఒకే ఫైలు రెండుచోట్ల పేరు చెప్పుకుంటుంది. కాబట్టి ఎక్స్‌ప్లోరర్ చూపించే లెక్క అసలు కంటే ఎక్కువ. చేత్తో ఏమీ తీయకు, డిస్క్ క్లీనప్‌లో ‘క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్’ నొక్కి విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కి టిక్ పెట్టు. విండోస్ డాట్ ఓల్డ్ (పాత విండోస్ ఫైళ్లుండే ఫోల్డర్) ఉంటే దాన్నీ అక్కడినుంచే తీసేయొచ్చు, కాకపోతే పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. విండోస్‌లోని ఇన్‌స్టాలర్ ఫోల్డర్ చెత్తలా కనబడుతుంది గానీ, దాన్ని ఖాళీ చేస్తే కొన్ని ప్రోగ్రాములు అప్‌డేట్ కావు, అన్‌ఇన్‌స్టాలూ కావు.

సెట్టింగ్స్‌లోని టెంపరరీ ఫైల్స్ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఒక వరసలో ఉంటుంది. అన్నిటికీ టిక్ పెట్టేస్తే నీ సర్టిఫికెట్ల కాపీలూ పోతాయి. ఆ ఒక్క టిక్ జాగ్రత్తగా చూసుకో.

గేములు, సాఫ్ట్‌వేర్లు అయితే యాప్స్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి, ఫోల్డర్ లాగేయకు. ఐఫోన్ బ్యాకప్‌లు మొబైల్‌సింక్ అనే ఫోల్డర్‌లో పదుల జీబీలుగా పేరుకుంటాయి, వాటిని ఐట్యూన్స్‌లోంచో, ఆపిల్ డివైసెస్ యాప్‌లోంచో తీయాలి. నువ్వు రికార్డ్ చేసుకున్న వీడియోలను మాత్రం బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసి, తెరిచి చూసుకుని, ఆ తర్వాతే ఇక్కడ తీసేయి.

డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లో ఉన్నంతకాలం చోటు తిరిగి రాదు. అయినా వెంటనే ఖాళీ చేయకు. ఒకటి రెండు రోజులు మామూలుగా పనిచేసుకుని, ఏదీ మొరాయించకపోతే అప్పుడు ఖాళీ చేసి మళ్లీ స్కాన్ చెయ్యి. అప్పటికీ చోటు చాలకపోతే ఫైల్ వ్యూలోని మొదటి ఇరవై వరసలూ నాకు పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి