మీ ఇంటి డీడ్ (దస్తావేజు) కౌంటీ రికార్డులో ఎలా ఉందో ఎప్పుడైనా చూశారా?

ఈ నెల ఉత్తరాల కట్టలో సగానికి సగం అమెరికాలో ఇంటి కాగితాల గురించే. అందుకని మిగతావన్నీ పక్కన పెట్టి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. నేను లాయరును కాదు, పన్నెండేళ్లుగా ఎస్క్రో ఆఫీసులో, అంటే ఇల్లు అమ్మేవారికీ కొనేవారికీ మధ్య డబ్బు, కాగితాలు చూసే చోట, ఇవే కాగితాలు చూస్తున్నదాన్ని. లాయరు దగ్గరికి వెళ్లాల్సిన చోట వెళ్లమనే చెబుతాను.

ప్రశ్న: గత ఏడాది ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్నాం. క్లోజింగ్ రోజు బొత్తెడు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని తాళాలు ఇచ్చారు గానీ ఒరిజినల్ డాక్యుమెంటు మాత్రం చేతికి రాలేదు. మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా "దస్తావేజు లాకర్లో పెట్టావా?" అని అడుగుతారు. ఇంతలో మొన్న ఒక ఉత్తరం వచ్చింది, అందులో మా పార్సిల్ నంబరు (స్థలానికి కౌంటీ ఇచ్చే నంబరు) కూడా ఉంది, డీడ్ సర్టిఫైడ్ కాపీ కోసం ఫలానా తేదీలోపు 129 డాలర్లు కట్టమని. కట్టాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: కట్టకండి. అది కౌంటీ పంపింది కాదు, ప్రైవేటు వాళ్ల వ్యాపారం. ఉత్తరాన్ని వెనక్కి తిప్పి చూడండి, ఎక్కడో చిన్న అక్షరాల్లో తమకు ప్రభుత్వంతో సంబంధం లేదని ఉంటుంది. మీ పేరు, పార్సిల్ నంబరు వాళ్లకెలా తెలిశాయని కంగారు పడొద్దు, అవి పబ్లిక్ రికార్డు, ఎవరైనా చూడొచ్చు. అదే కాపీ ఓక్లాండ్‌లోని అలమెడా కౌంటీ క్లర్క్-రికార్డర్ ఆఫీసులో కొద్ది డాలర్లకే ఇస్తారు, గ్రాంట్ డీడ్, అంటే మీ పేరున రాసిన దస్తావేజు, మహా అయితే మూడు నాలుగు పేజీలు ఉంటుంది.

మీ నాన్నగారి బెంగ నాకు బాగా తెలుసు, మా నాన్నా ఇదే అడిగేవారు. మన దగ్గర ఒరిజినల్ దస్తావేజంటే ప్రాణం. లోన్ తీసుకుంటే బ్యాంకు దాన్నే తన దగ్గర పెట్టుకుంటుంది, పోగొట్టుకుంటే పోలీసు కంప్లయింటు, పేపర్లో ప్రకటన, నానా అవస్థ. ఇక్కడ బ్యాంకు మీ డీడ్ అడగదు. తన అప్పు తాలూకు డీడ్ ఆఫ్ ట్రస్ట్‌ని మీ డీడ్ వెంటే కౌంటీలో రికార్డు చేయించుకుంటుంది, అంతే. మీ ఇంట్లో కాగితం ఉన్నా లేకపోయినా కౌంటీలో ఉన్న రికార్డుతోనే పని నడుస్తుంది. సర్టిఫైడ్ కాపీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తెచ్చుకోవచ్చు.

ఇంకో తేడా కూడా నాన్నగారికి చెప్పండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మన దగ్గర వంద రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కాకపోతే హక్కే మారదు. ఇక్కడ అమ్మినవారు సంతకం చేసి డీడ్ అందజేయడంతోనే వాళ్లిద్దరి మధ్య హక్కు మారిపోతుంది, రికార్డు చేయించడం లోకానికి తెలియజేయడం కోసం. అలాగని నిర్లక్ష్యం చేస్తే కొంప మునుగుతుంది. అదే ఇంటిని అమ్మినవాడు మరొకరికి కూడా అమ్మేసి, ఆ రెండోవాళ్లు మీ సంగతి తెలియక డబ్బు కట్టి మీకంటే ముందు రికార్డు చేయించుకుంటే, కాలిఫోర్నియాలో గెలిచేది వాళ్లే.

ఇప్పుడు మీ డీడ్ వెతుకుదాం. కౌంటీ వెబ్‌సైట్‌లో ఇండెక్స్ ఉంటుంది, అందులో గ్రాంటర్ అంటే ఇచ్చినవారు, గ్రాంటీ అంటే పుచ్చుకున్నవారు. మీ ఇంటిపేరుతో గ్రాంటీ కింద వెతకండి. కాలిఫోర్నియాలో చాలా కౌంటీలు ఆన్‌లైన్‌లో ఇండెక్స్ వరకే చూపిస్తాయి, పేజీలు కనిపించవు, కనుక డాక్యుమెంటు నంబరు రాసుకుని కాపీకి అప్లై చేయాలి. మనవాళ్లకు ఇక్కడే పెద్ద చిక్కు. మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఇక్కడ చివర ఉండాలి, పాస్‌పోర్టులో ఒకలా, డ్రైవర్ లైసెన్స్‌లో ఇంకోలా పడి ఉంటుంది. ఇంటిపేరుతో దొరక్కపోతే మీ పేరులో చివరి ముక్కతో, అంటే "కుమార్", "ప్రసాద్", "రావు" లాంటి వాటితో వెతికి చూడండి. ఒకసారి మా ఆఫీసుకు వచ్చిన ఒక జంట తమ ఇల్లు రికార్డులోనే లేదని వణికిపోతూ కూర్చున్నారు. నేను "వెంకట" అని కొట్టగానే బయటపడింది, ఎవరో ఇంటిపేరును మధ్య పేరుగా ఎక్కించారు.

కాపీ రాగానే మొదటి పేజీ చూడండి. ఎడమ పక్క పైన రికార్డు చేయమని అడిగినవారి పేరు, కింద ఎవరికి తిప్పి పంపాలో ఆ చిరునామా ఉంటాయి, ఒరిజినల్ ఆ చిరునామాకే పోస్టులో వెళ్లి ఉంటుంది. కుడి పక్క పైన ఖాళీగా వదిలిన చోట రికార్డర్ ముద్ర, డాక్యుమెంటు నంబరు, తేదీ ఉంటాయి. తర్వాత మీ పేర్ల స్పెల్లింగు అక్షరం అక్షరం, పార్సిల్ నంబరు, మీ ఇద్దరి పేర్ల పక్కన రాసిన మాట చూడండి. అది "జాయింట్ టెనెంట్స్" అయినా, "కమ్యూనిటీ ప్రాపర్టీ విత్ రైట్ ఆఫ్ సర్వైవర్‌షిప్" అయినా ఒకరు పోతే రెండోవారికి ప్రొబేట్ కోర్టు (పోయినవారి ఆస్తిని వారసులకు తేల్చే కోర్టు) చుట్టూ తిరగకుండా వస్తుంది. తప్పు కనబడితే వెంటనే టైటిల్ కంపెనీకి (కొనేటప్పుడు ఇంటి హక్కులు పరిశీలించి బీమా ఇచ్చినవాళ్లకి) చెప్పండి, అమ్మినవాళ్లు ఊరు మారిపోయాక సరిచేయించడం తలనొప్పి. పేరు మాత్రమే తేడా అయితే తర్వాత అమ్మేటప్పుడు "ఫలానా పేరుతో హక్కు పొందిన" అని రెండు పేర్లూ రాసే పద్ధతి ఉంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. డీడ్ నిజమైనదా దొంగదా అని రికార్డర్ తేల్చరు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అయితే ఇద్దరూ వెళ్లాలి, ఆధార్, ఫోటో, వేలిముద్ర అన్నీ ఇవ్వాలి. ఇక్కడ నోటరీ ముద్ర ఉన్న కాగితం పోస్టులో వచ్చినా ఫార్మాట్, ఫీజు సరిపోతే ఎక్కించేస్తారు. అందుకే చాలా కౌంటీల్లో మీ పేరుతో ఏదైనా రికార్డయితే ఈమెయిల్ పంపే ఉచిత అలర్ట్ ఉంది. మీ కౌంటీలో ఉంటే ఈ రోజే పెట్టుకోండి, రెండు రకాల పేర్లతోనూ.

ప్రశ్న: అక్కా, ఫ్రిస్కోలో ఉన్న ఇల్లు మావారు పెళ్లికి ముందు కొన్నది. ఇప్పుడు నా పేరు కూడా చేర్చాలనుకుంటున్నాం. ఇంటర్నెట్‌లో క్విట్‌క్లెయిమ్ ఫారం దొరుకుతుంది, నింపి పంపితే చాలని ఫ్రెండ్ చెప్పింది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: తొందరపడకమ్మా. ముందు మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో చూసుకో, ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. టెక్సస్‌లో రికార్డర్ అనే పేరుతో ఆఫీసు ఉండదు, ఆ పని కౌంటీ క్లర్క్ చేస్తారు. జార్జియాలో సుపీరియర్ కోర్టు క్లర్క్, నార్త్ కరోలినాలో రిజిస్టర్ ఆఫ్ డీడ్స్, కనెక్టికట్‌లో అయితే కౌంటీ కాదు టౌన్ క్లర్కే. ఒక రాష్ట్రంలో ఫ్రెండ్ చెప్పింది ఇంకో రాష్ట్రంలో పనికిరాదు అనేది ఇందుకే.

క్విట్‌క్లెయిమ్‌లో రాసిచ్చేవాళ్లు "నాకేదైనా హక్కు ఉంటే వదులుకుంటున్నా" అంటారు తప్ప హక్కు ఉందని హామీ ఇవ్వరు. టెక్సస్ టైటిల్ కంపెనీలకు అది నచ్చదు, రేపు అమ్మబోయేటప్పుడు సతాయిస్తారు. హక్కు ఉందని హామీ ఇచ్చే వారంటీ డీడ్ రాయించుకోండి. లాయరుకు కొన్ని వందలు అవుతాయి, అవనీ. రికార్డింగ్ ఫీజు మొదటి పేజీకి సుమారు 25 డాలర్లు, తర్వాత పేజీకి నాలుగేసి. టెక్సస్‌లో ట్రాన్స్‌ఫర్ టాక్స్ లేదు. డీడ్ మీద నీ పోస్టల్ అడ్రస్ తప్పకుండా ఉండాలి, లేకపోతే అదనపు ఫీజు వేస్తారు. సోషల్ సెక్యూరిటీ నంబరు మాత్రం రాయనివ్వకు, అది లోకమంతా చదివే కాగితం.

ఇంకో మూడు సంగతులు. డీడ్ మీద పేరు వేరు, లోన్ మీద పేరు వేరు, చేరినంత మాత్రాన అప్పు నీ మీద పడదు. మీరు ఉంటున్న ఇంట్లో భార్య పేరు చేర్చారని బ్యాంకు మొత్తం లోన్ ఒకేసారి కట్టమనడానికి వీల్లేదు, 1982 నాటి గార్న్-సెయింట్ జర్మైన్ చట్టం దాన్ని ఆపింది. రెండోది, ఒకరి తర్వాత ఒకరికి ఇల్లు దక్కాలంటే టెక్సస్‌లో భార్యాభర్తలు అయితే సరిపోదు, సర్వైవర్‌షిప్ ఒప్పందం ఇద్దరూ రాతపూర్వకంగా సంతకం చేయాలి, ఇది లాయరుకు మర్చిపోకుండా చెప్పు. మూడోది, నువ్వు అమెరికా పౌరురాలివి కాకపోతే భర్త నుంచి వచ్చే బహుమతికి కూడా హద్దుంది, 2025లో అది ఏడాదికి 1,90,000 డాలర్లుగా ఉండేది. మీ వాటా లెక్క ఎలా వస్తుందో సంతకాలకు ముందే సీపీఏని (టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంటుని) అడగండి. ఈలోగా భయపడకు, మీరిద్దరూ కాపురం ఉంటున్న ఇంటిని, నీ పేరు లేకపోయినా, టెక్సస్‌లో నీ సంతకం లేకుండా అమ్మడానికి లేదు.

ప్రశ్న: ఒహాయో డబ్లిన్‌లో మా ఇంటి లోన్ మొత్తం తీర్చేసి ఐదు నెలలైంది. కౌంటీ సైట్‌లో పాత మార్ట్‌గేజ్ ఇంకా కనిపిస్తోంది.
– ఒక పాఠకుడు

జవాబు: పాత మార్ట్‌గేజ్ ఎంట్రీ ఎప్పటికీ చెరిగిపోదు, మీరు చూడాల్సింది దాని తర్వాత "శాటిస్‌ఫాక్షన్" లేదా "రిలీజ్" రికార్డయిందా అని. ఒహాయో చట్టం ప్రకారం తీర్చిన 90 రోజుల్లో బ్యాంకే దాన్ని రికార్డు చేయించాలి. ముందు మీరు సరైన కౌంటీలోనే చూస్తున్నారో లేదో చూసుకోండి, డబ్లిన్ ఫ్రాంక్లిన్, డెలావేర్, యూనియన్ మూడు కౌంటీల్లోనూ ఉంది. అక్కడా లేకపోతే లోన్ తీరిపోయినట్లు ఇచ్చిన లెటర్ జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా రాయండి, ఫోన్‌తో సరిపెట్టొద్దు.

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల మాస్టారుని. ఎడిసన్‌లో మా అమ్మాయి ఇల్లు కొన్నప్పుడు నా పేరు కూడా డీడ్ మీద పెట్టింది. ఇప్పుడు నా వాటా అమ్మాయికి రాసిచ్చేద్దామని. ఈ వయసులో అంత దూరం ప్రయాణం చేయలేను. విజయవాడలో ఉండే చేయొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చేయొచ్చు మాస్టారూ. కానీ సంతకం కంటే ముందు టాక్స్ సంగతి చూడాలి, ఇది చాలామందికి తెలియక దెబ్బతింటారు. మీరు అమెరికా పౌరులు కారు, అక్కడ నివాసమూ లేదు. అలాంటివారు అమెరికాలోని స్థిరాస్తిని బహుమతిగా ఇస్తే ఏడాదికి ఒక హద్దు (2025లో అది 19,000 డాలర్లు) దాటిన మొత్తం మీద గిఫ్ట్ టాక్స్ పడుతుంది, అక్కడి పౌరులకుండే లక్షల డాలర్ల జీవితకాల మినహాయింపు మీకు వర్తించదు. అలాగని ఊరుకుంటే, మీ తదనంతరం ఎస్టేట్ టాక్స్‌లోనూ మీకుండే మినహాయింపు 60,000 డాలర్లే. కొన్నప్పుడు డబ్బు ఎవరు పెట్టారన్న దాన్ని బట్టి లెక్క మారొచ్చు, కనుక అమ్మాయిని బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి, విదేశీయుల టాక్స్ తెలిసిన సీపీఏకి చూపించమనండి.

అది తేలాక పని సులువే. డీడ్‌ని న్యూజెర్సీ లాయరు తయారుచేసి పంపుతారు. మీరు హైదరాబాదులోని అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ తీసుకుని పాస్‌పోర్టుతో వెళ్లాలి, ముద్రకు 50 డాలర్లు. ఇంట్లో ముందే సంతకం పెట్టి తీసుకెళ్లొద్దు, ఆ ఆఫీసరు ఎదుటే పెట్టాలి. కాన్సులేట్ దాకా వెళ్లలేకపోతే విజయవాడలోనే నోటరీ, ఆపైన అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) అనే దారి ఉంది, ఇండియా 2005 నుంచి దాని తాలూకు అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది, కాకపోతే తిరుగుడు ఎక్కువ. ఎడిసన్ మిడిల్‌సెక్స్ కౌంటీ కిందికి వస్తుంది, కౌంటీ క్లర్క్ ఆఫీసు న్యూ బ్రన్స్‌విక్‌లో. న్యూజెర్సీలో డీడ్‌తో పాటు ఇచ్చేవారి నివాసం తెలిపే టాక్స్ ఫారం కూడా జతచేయాలి, అది లేకపోతే క్లర్క్ డీడ్ రికార్డు చేయరు, అన్నీ తిరిగొచ్చేస్తాయి. ఇంత దూరం నుంచి పంపినవి ఒక ఫారం కోసం వెనక్కి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే ఏమేం జతచేస్తున్నారో లాయరుతో ముందే ఈమెయిల్లో రాయించుకోండి. ఇవన్నీ మొదలుపెట్టేలోపు ఇప్పుడున్న డీడ్ కాపీ ఒకటి అమ్మాయిని తెప్పించి మీకు పంపమనండి, మీ పేరు ఎంత వాటాకు, ఏ స్పెల్లింగుతో ఉందో చూడాలి. సీపీఏ అయినా లాయరైనా మొదట అడిగేది అదే.