ఇసుమంత ప్రాణులను పురుగులు అనవచ్చా?

సందేహం: అంతర్వేది బీచ్ చూసొచ్చిన మా ఏడో తరగతి పిల్లలు వ్యాసంలో ‘ఇసుక పురుగులు’ అని రాశారు. ‘సూక్ష్మజీవులు’ అనాలని తోటి టీచరు దిద్దారు. ఏది సరి? ‘వెన్నుముక లేని జీవులు’ అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, రాజోలు

సమాధానం: పిల్లల మాటే సరైనదమ్మా, దాన్ని ఉంచండి. సూక్ష్మజీవులంటే బ్యాక్టీరియా లాంటివి. ఇసుక రేణువుల సందుల్లో బతికేవి అవి మాత్రమే కావు. నోరు, పేగు, కండరాలు, నరాలు ఉన్న ప్రాణులూ ఉంటాయి, ఒంటి పొడవు ఒక మిల్లీమీటరు లోపే అయినా.

గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, అల వెనక్కి పోగానే ఒకసారి గుప్పెడు తడి ఇసుక తీసి గ్లాసు నీళ్లలో కలిపాను. ఇసుక అడుక్కి దిగాక పైనీళ్లు నల్ల పళ్లెంలోకి వంచి భూతద్దంలో చూస్తే, సన్నటి దారప్పోగులు మెలికలు తిరుగుతున్నాయి! ఆ మెలి తిరగడమే ‘నులి’. నులక తాడులో, చెవి నులమడంలో ఉన్నదీ అదే. బడిలో నులిపురుగులకు మాత్రలు వేస్తారే, ఇవి వాటి బంధువులు. కాకపోతే ఇవి మన కడుపులో చేరవు. చాలావరకు ఇసుకను పట్టుకున్న బ్యాక్టీరియాను, నాచును తింటాయి. ఎండ ముదిరి పైపొర ఆరిపోతే తడి ఉన్న లోతుకు దిగిపోతాయి.

‘పురుగు’ చిన్నచూపు మాట కాదు. బియ్యంలోదీ పురుగే, దీపం చుట్టూ తిరిగేదీ పురుగే. రాత్రిపూట పేరెత్తకూడదని పామునూ ‘పురుగు’ అనే అంటాం కదా. పీతను మాత్రం ఎవరూ పురుగు అనరు. బొరియలోకి పరిగెత్తే పీతనో, ఆల్చిప్పనో పురుగని రాసి ఉంటే అది దిద్దండి. అన్నిటినీ కలిపి చెప్పాలంటే ‘అకశేరుకాలు’ ఉంది. ఏడో తరగతికి ‘వెన్నెముక లేని జీవులు’ హాయిగా ఉంటుంది.

‘వెన్నుముక’ మాత్రం తప్పే. వెన్ను, ఎముక కలిశాయి. ఉకారం మీద అచ్చు వస్తే ఆ ఉకారం పోతుంది కాబట్టి వెన్నెముక. ‘ఇసుమంత’ కూడా ఇలాగే వచ్చింది: ఇసుము, అంత. ఇసుమంటే ఇసుకే. ‘తివిరి ఇసుమున తైలంబు’ పద్యం పిల్లలకు వచ్చే ఉంటుంది. నిజంగా ఇసుక రేణువంత ఉండే ప్రాణులకు ఇంతకన్నా తగిన విశేషణం నాకు తోచదు. వ్యాసానికి ‘ఇసుమంత జీవులు’ అని పేరు పెట్టించండి.

ఎవరైనా ‘ఇసక’ అని రాసి ఉంటే మార్కులు తగ్గించకండి. కోనసీమలో నోటివెంట వచ్చేది ఆ మాటే.