టెన్నిస్ స్కాలర్‌షిప్ వస్తుందని 529 ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. నేను హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నాను, మా పాప డిపెండెంట్‌గా హెచ్4 వీసా మీద ఉంది. పదో తరగతి చదువుతోంది, టెన్నిస్ బాగా ఆడుతుంది. కోచింగ్‌కీ టోర్నమెంట్లకీ నెలకు 1,800 డాలర్ల దాకా అవుతోంది. ఇప్పుడు కాలేజీలే ప్లేయర్లకు డబ్బులిస్తున్నాయి కదా, స్కాలర్‌షిప్ ఎలాగూ వస్తుందని, కాలేజీ చదువు కోసం దాచుకునే 529 ఖాతాలో నెలనెలా వేసే 600 డాలర్లు ఆపేసి అవి కూడా కోచింగ్‌కే పెడదామనుకుంటున్నాను. ఏమంటారు?

జవాబు: ఆపొద్దండి. పాప ఆట మీద నాకు అనుమానం లేదు. కాలేజీ ఆటల్లో బోలెడు డబ్బు ఉందన్న మాటా నిజమే. కానీ అది ఎక్కడి నుంచి వస్తోందో, ఎటు పోతోందో చూస్తే టెన్నిస్ దాకా చేరేది చాలా కొంచెం.

పెద్ద యూనివర్సిటీల అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్లకు టీవీ హక్కులు, టికెట్లు, విరాళాలు, స్పాన్సర్ల నుంచి డబ్బు వస్తుంది. అందులో ఎక్కువ భాగం అమెరికన్ ఫుట్‌బాల్ పుణ్యమే, ఆ తర్వాత మగపిల్లల బాస్కెట్‌బాల్. పెద్ద యూనివర్సిటీల లీగ్ అయిన బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2022లో కుదుర్చుకున్న టీవీ ఒప్పందమే ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైమాట. ఖర్చూ అదే స్థాయిలో ఉంటుంది. మీ రాష్ట్రంలోనే టెక్సాస్ ఏ అండ్ ఎం 2023 నవంబర్‌లో ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తప్పించినప్పుడు, కాంట్రాక్టు ప్రకారం ఆయనకు ఇవ్వాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్లకు పైనే.

అందుకే ఇంత ఆదాయం ఉన్నా మిగులు చూసేవాళ్లు తక్కువ. 2019లో ఖర్చుల కంటే సొంత ఆదాయం ఎక్కువున్న యూనివర్సిటీలు కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 మొత్తం మీద 25 మాత్రమేనని, ఈ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కలే చెప్పాయి. మిగతా చోట్ల లోటును యూనివర్సిటీ నిధులూ విద్యార్థుల ఫీజులూ పూడుస్తాయి. వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్‌లో ఆటల కోసం ఒక్కో విద్యార్థి నుంచి వసూలు చేసేది ఏడాదికి 2,000 డాలర్లు దాటింది. ఏ ఆటా ఆడని పిల్లలూ అది కట్టాల్సిందే. మీరు చూసే ప్రతి కాలేజీ ఫీజుల పట్టికలో ఈ వరస వెతకండి. పాప జట్టులోకి రాకపోతే ఆ ఖర్చు మీ మీదే పడుతుంది.

ఇక ప్లేయర్లకు డబ్బులివ్వడం సంగతి. ప్లేయర్లు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్ వల్ల, ఆ జులై 1 నుంచి యూనివర్సిటీలు ప్లేయర్లకు డబ్బు పంచొచ్చు. 2025-26లో ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఇది పరిమితి మాత్రమే, ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు. పెద్ద యూనివర్సిటీల్లో ఎక్కువగా వినిపించే లెక్క ఇది: సుమారు 75 శాతం ఫుట్‌బాల్‌కి, 15 శాతం మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి, 5 శాతం ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి. మిగిలిన 5 శాతం అంటే పూర్తిగా పంచే చోట కూడా 10 లక్షల డాలర్ల చిల్లర. తక్కిన ఆటలన్నీ దాన్నే పంచుకోవాలి. పైగా కొత్తగా పెంచే స్కాలర్‌షిప్‌లు 25 లక్షల డాలర్ల వరకు ఈ పరిమితిలోకే లెక్కకొస్తాయి. ఇప్పుడు టెన్నిస్ జట్టులో పదిమందికీ స్కాలర్‌షిప్ ఇవ్వడానికి రూల్ ఒప్పుకుంటుంది, కానీ బడ్జెట్ ఒప్పుకోవాలి కదా. డివిజన్ 1 టెన్నిస్ జట్లలో సగానికి పైగా ఇతర దేశాల నుంచి వచ్చిన ప్లేయర్లే. మీ పాప పోటీ పడాల్సింది ఫ్రిస్కో పిల్లలతో మాత్రమే కాదు.

వీసా విషయం మర్చిపోవద్దు. స్కాలర్‌షిప్ తీసుకోవడానికి హెచ్4 అడ్డు కాదు. కానీ హెచ్4 మీద పనిచేసి సంపాదించే వీల్లేదు కాబట్టి, ప్లేయర్లకిచ్చే వాటా, పేరూ ఫొటో వాడుకున్నందుకు బ్రాండ్ల నుంచి వచ్చే ఎన్ఐఎల్ డబ్బు లెక్కలోకి తీసుకోకండి. 21 నిండాక ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారినా ఆంక్షలుంటాయి. అలాంటి కాగితం ఏదొచ్చినా ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు చూపించాకే సంతకం పెట్టించండి.

529లో వేసింది వృథా అవుతుందన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. స్కాలర్‌షిప్ వస్తే అంత మొత్తాన్ని 10 శాతం పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు, లాభం మీద ఆదాయపు పన్ను మాత్రం పడుతుంది. ఖాతా తెరిచి 15 ఏళ్లు దాటితే, ఏటా ఉండే పరిమితికి లోబడి, మొత్తం 35,000 డాలర్ల దాకా పాప పేరున రాత్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలోకి మార్చుకోవచ్చు. ఆ ఏడాది తనకు సంపాదన ఉండాలి.

కోచింగ్ ఖర్చు 1,800 దగ్గరే ఉంచండి, 600 యథాతథంగా వేస్తూ వెళ్లండి. వచ్చే ఏడాది కోచ్‌లతో మాటలు మొదలైనప్పుడు స్కాలర్‌షిప్ ఎంత శాతం, ఒక్క ఏడాదికా నాలుగేళ్లకా, గాయమైతే ఉంటుందా అని నేరుగా అడగండి. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. హార్వర్డ్, యేల్ లాంటివి ఉన్న ఐవీ లీగ్‌లోనూ డివిజన్ 3లోనూ ఆటల స్కాలర్‌షిప్ అసలు ఉండదు, ఆట అడ్మిషన్‌కు పనికొస్తుంది అంతే. పాపకు అలాంటి కాలేజీలు నచ్చితే మీకు ముఖ్యమైన ఆసరా ఈ 529యే.