మారుమూల గ్రిడ్‌కు ఏ బ్యాటరీ మంచిది? ముందు పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో చెప్పండి

మెయిన్ లైను చేరని చోట సోలార్‌తో నడిచే చిన్న గ్రిడ్‌కు లెడ్ యాసిడ్ పెట్టాలా, లిథియమా, ఇంకేమైనా ఉందా అని అడిగారు. అలాంటి గ్రిడ్‌లో మూడేళ్లు ఆపరేటర్‌గా చేశాను కాబట్టి నాకు తెలిసిన ఒక రాత్రి సంగతి చెప్తాను.

మా గదిలో 2 వోల్టుల లెడ్ యాసిడ్ సెల్స్ 24 ఉండేవి, వరసగా కలిపితే 48 వోల్టులు. వానలకు దారి తెగి రెండు నెలలు డిస్టిల్డ్ వాటర్ రాలేదు. నేను సెలవులో ఉండగా నా బదులు చూసిన కుర్రాడు, ప్లేట్లు బయటపడుతున్నాయని భయపడి కొన్ని సెల్స్‌లో మామూలు నీళ్లు పోశాడు. వాణ్ణి తిట్టలేదు. పోయకపోతే ఎండి పాడయ్యేవి, పోస్తే ఇలా పాడయ్యాయి.

నేను తిరిగొచ్చిన వారానికి, రాత్రి ఎనిమిదిన్నరప్పుడు అంతా చీకటైపోయింది. పగలంతా ఎండ కాసింది, చార్జి నిండిందనే చూపించింది, అయినా ఇన్వర్టర్ 'లో బ్యాటరీ' అంటోంది. నా టెన్షనంతా హెల్త్ సెంటర్ ఫ్రిజ్ గురించే. అందులో టీకాలున్నాయి, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. టార్చి నోట కరుచుకుని హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ చూస్తూ పోయాను. అది యాసిడ్ చిక్కదనం కొలుస్తుంది, అంకె తగ్గితే చార్జి తగ్గినట్టు. 1.18, 1.19, 1.18... పదిహేడో దాని దగ్గర 1.09. చిన్న లోడ్ పెట్టి మీటర్‌తో చూస్తే ఆ సెల్ ఏకంగా మైనస్‌లోకి పోతోంది. చార్జి ఎక్కేటప్పుడేమో దాని వోల్టేజి దొంగగా పైకి లేచి, అన్నీ నిండాయని ఇన్వర్టర్‌ను నమ్మించింది. మిగతా 23 సగం ఆకలితోనే ఉన్నాయి.

బ్రేకర్ దించి, ఆ సెల్ లింకులు విప్పి, అటూ ఇటూ ఉన్న రెండింటినీ లావు కేబుల్‌తో కలిపేశాను. పదకొండింటికి ఫ్రిజ్ ఒక్కదానికే కరెంటు ఇచ్చాను. లోపల 7 డిగ్రీలు.

అసలు తిప్పలు తెల్లారాక మొదలయ్యాయి. 24 సెల్స్‌కు చార్జింగ్ 56.4 వోల్టులు పెట్టారు. ఇప్పుడు 23 కాబట్టి 54కి తగ్గించాలి. లేకపోతే ఉన్నవి పొంగి, నీళ్లు తగ్గి, గది నిండా హైడ్రోజన్. ఆ సెటింగ్‌కు పాస్‌వర్డ్ ఉంది, అది పెట్టిన కంపెనీవాళ్ల దగ్గర మాత్రమే ఉంది. సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోన్ చేస్తే అవతలాయన, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా అండీ?" అన్నాడు. పాస్‌వర్డ్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నానికల్లా నేనే సోలార్ బ్రేకర్ దించేసి కూర్చున్నాను. పైన ఎండ దంచుతుంటే!

అందుకే లిథియం వస్తే కష్టాలన్నీ తీరిపోతాయంటే నేను నమ్మను. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచిదే, కాదనను. నీళ్ల గొడవ లేదు, చార్జిలో 80 శాతం దాకా వాడుకోవచ్చు. లెడ్ యాసిడ్‌ను సగం కంటే కిందికి దించితే ఆయుష్షు తరిగిపోతుంది. కానీ లిథియం ప్యాక్‌లో ఒక సెల్ చెడితేనో, సెల్స్‌ను కాపలా కాసే బీఎంఎస్ బోర్డు పోతేనో నాలాగా స్పానర్ పట్టుకుని విప్పే వీలు ఉండదు. మంచు కురిసే చోటైతే ఇంకో సంగతి, సున్నా డిగ్రీల కింద దానికి చార్జి ఎక్కించకూడదు.

ఇక మిగులు కరెంటుతో కొండమీది ట్యాంకుకు నీళ్లు తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తే చాలదా అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. టన్ను నీళ్లు 100 మీటర్లు ఎక్కిస్తే దాచుకునేది 0.27 యూనిట్లు, తిరిగి వచ్చేది ఇంకా తక్కువ. స్పెయిన్ వాళ్ల ఎల్ హియెర్రో దీవిలో గాలిమరల కరెంటుతో, పెద్ద జలాశయాలతో ఆ పని చేశారు, అయినా గాలి పడిపోయిన రోజుల్లో డీజిల్ తీయక తప్పలేదు. అలాస్కాలోని కోడియాక్ దీవివాళ్లు నాకు నచ్చారు. రేవులోని కరెంటు క్రేన్ కుదుపులకు బ్యాటరీలు అరిగిపోకుండా 2015లో ఫ్లైవీల్స్, అంటే గిర్రున తిరుగుతూ కాసేపు శక్తిని దాచే బరువైన చక్రాలు, పెట్టుకున్నారు. రోగమేమిటో చూసి మందు కొన్నారన్నమాట.

మీ టెండర్ కాగితంలో సెటింగ్స్ పాస్‌వర్డ్ ఆపరేటర్‌కు ఇవ్వాలన్న లైను ఉందో లేదో ఒకసారి చూసి చెప్పండి. ఏ రకం బ్యాటరీ అన్నది అప్పుడు మాట్లాడదాం.