నీటిమట్టం చూసి రా

మాచర్ల

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. మే సెలవుల్లో అమ్మనీ పిల్లల్నీ తీసుకొని వస్తాననీ, నాగార్జునకొండ, డ్యామ్ గేట్లు, ఎత్తిపోతల జలపాతం, పాత కట్టడాలున్న అనుపు, ఈ నాలుగూ ఒక్క శుక్రవారంలో చుట్టేసి రాత్రికల్లా హైదరాబాద్ చేరిపోతాననీ రాశావు. చదివి నవ్వుకున్నాను. మేలో గేట్లు ఎందుకు తెరుస్తార్రా? పైగా శుక్రవారం కొండ మీద మ్యూజియానికి సెలవు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. టీచర్‌గా చేరిన కొత్తలో నలభై మంది పిల్లల్ని వేసుకొని శుక్రవారమే బయల్దేరి, రేవు దాకా వెళ్ళి, అనుపు చూపించి వెనక్కి తీసుకొచ్చాను. ఆ రోజు పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు, దాదాపు ఏటా వెళ్ళాను. అన్ని కాలాల్లోనూ వెళ్ళాను. అందుకే చెబుతున్నా, కొండకు ఎప్పుడు రావాలో సెలవుల క్యాలెండర్ చెప్పదు, నాగార్జునసాగర్ నీటిమట్టం చెబుతుంది. వానాకాలంలో అది రోజూ పేపర్లో వస్తుంది. నిండితే 590 అడుగులు. 510కి దిగితే డెడ్ స్టోరేజీ, అంటే వాడకానికి వదలని అడుగు నీళ్ళ కిందే లెక్క. మధ్యలో ఎనభై అడుగుల తేడా ఉంది చూడు, నువ్వు ఏ కొండను చూస్తావన్నది దాన్ని బట్టే ఉంటుంది.

ముందు ఒకటి అర్థం చేసుకో. ఇప్పుడు సాగర్ నీళ్ళ మధ్య దీవిలా ఉన్న నాగార్జునకొండ పుట్టుకతో దీవి కాదు. నల్లమల కొండల మధ్య, కృష్ణ ఒడ్డున ఒక లోయ ఉండేది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. 1955 డిసెంబర్‌లో నెహ్రూ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. లోయ మునిగింది. ఒక కొండ తల మాత్రం పైన మిగిలింది. మునగకముందే, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, వందకు పైగా కట్టడాలు బయటపెట్టారు. వాటిలో కొన్నింటిని విప్పి, పైకి తెచ్చి, మళ్ళీ పేర్చారు. అలా కొన్ని కొండ మీదికి, కొన్ని అనుపుకీ చేరాయి. మిగతావన్నీ నీళ్ళ కిందే.

అసలు ఆ చోటు సంగతి బయటి లోకానికి తెలిసింది 1926లో. సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులు అక్కడొక పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఆయనా మా వృత్తివాడే కాబట్టి ప్రతి ట్రిప్పులోనూ ఈ ముక్క పిల్లలకు కాస్త గర్వంగానే చెప్పేదాన్ని.

మా నాన్న నన్నొకసారి తవ్వకాలు చూపించడానికి తీసుకెళ్ళాడు. మీ అమ్మ అప్పటికింకా పుట్టలేదు. నాకు గుర్తున్నది తక్కువే. నేల మీద గళ్ళు గళ్ళుగా కట్టిన తాళ్ళు, మట్టి బుట్టలు మోసే ఆడవాళ్ళు, ఎండకు మెరిసే తెల్లటి రాతి పలకలు. మా అమ్మమ్మ వాళ్ళది లోయలోని పుల్లారెడ్డిగూడెం. ఊరు ఖాళీ చేసినప్పుడు ఆవిడ తలుపులు కూడా ఊడదీసి బండి మీద వేయించిందట. మా ఇంట్లో దేవుడి గదికి ఉన్న తలుపు అందులోదే. నువ్వు ఎన్నోసార్లు దానికి తల కొట్టుకున్నావు.

ఇక కాలాల సంగతి.

వేసవి సంగతి ముందు చెబుతాను, నీకు తొందర అదే కాబట్టి. పల్నాడు ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. నీళ్ళు బాగా దిగిపోయి ఉంటాయి. గట్ల చుట్టూ చారలు చారలుగా ఎర్రమట్టి బయటపడుతుంది, ఒక్కో చార ఒక్కో నెల నీళ్ళు నిలిచిన గుర్తు. అయితే పాత ఊరు, స్తూపాలు బయటపడతాయని మాత్రం ఆశపెట్టుకోకు. లాంచీ దిగాక ఎక్కాల్సింది ఎక్కువ, అసలు కష్టం అదే. నిండుగా ఉన్నప్పుడు నాలుగడుగులు వేస్తే సరిపోయే చోట, వేసవిలో రాళ్ళూ మెట్లూ పట్టుకొని పైకి పాకాలి. మీ అమ్మ మోకాళ్ళకు అది కుదరదు. సాయంత్రం పూట గాలిదుమారం లేస్తే నీళ్ళు ఒక్కసారిగా అల్లకల్లోలం అవుతాయి. నువ్వొక్కడివే వస్తానంటే మేలో రా, మొదటి లాంచీకి వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చెయ్. పిల్లల్ని తేవద్దు.

ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో శ్రీశైలం నుంచి వరద దిగుతుంది. నీళ్ళు టీ రంగులోకి మారతాయి. 590కి దగ్గర పడితే గేట్లు ఎత్తుతారు. ఉన్నవి 26 గేట్లు, అన్నీ ఎత్తిన రోజు ఆ తుంపర వంతెన మీద నిలబడ్డవాళ్ళని తడిపేస్తుంది. చూడాల్సిందే. కానీ ఆ వారంలో కొండ గురించి మర్చిపో. గాలి, వరద ఉంటే లాంచీ ఆపేస్తారు. పైగా ఆదివారమైతే హైదరాబాద్ అంతా ఇక్కడే ఉంటుంది, కారు ఎక్కడో పెట్టి నడవాలి. గేట్ల కోసం వచ్చిన రోజు గేట్లే చూసి, మిర్చిబజ్జీ తిని, ఇంటికి పో. రెండూ ఒకే రోజు పెట్టుకున్నవాళ్ళు రెండూ సరిగా చూడకుండా పోవడం నేను చాలాసార్లు చూశాను.

కార్తీకం బాగుంటుంది. నీళ్ళు తేరుకుంటాయి, గట్లన్నీ పచ్చగా ఉంటాయి, దారి పొడవునా సీతాఫలాల బుట్టలు. కాకపోతే వనభోజనాల జనం. మైకులు కూడా తెస్తారు, ఎందుకో నాకు అర్థం కాదు.

నన్నడిగితే సంక్రాంతి దాటాక, మాఘమాసంలో రండి. నీళ్ళు ఇంకా మరీ దిగి ఉండవు కాబట్టి అమ్మకు ఎక్కడం తేలిక. ఎండ కొట్టదు. గాలి ఉండదు. పొద్దున్నే రేవులో నిలబడితే నీళ్ళ మీద పొగమంచు తెరలా ఉంటుంది, లాంచీ కాస్త దూరం పోయాక డ్యామ్ కనిపించదు, కొండా ఇంకా కనిపించదు. పిల్లలు ఆ పది నిమిషాలు నోరెత్తరు, అది మాత్రం గ్యారంటీ.

లాంచీ ఇప్పటి విజయపురి సౌత్ రేవు నుంచి ఎక్కండి. మీరు హైదరాబాద్ వైపు నుంచి వస్తే ముందు హిల్ కాలనీ తగులుతుంది, డ్యామ్ మీదుగా కార్లు పోనివ్వరు, దిగువన ఉన్న వంతెన దాటి ఇటు రావాలి. ప్రయాణం ముప్పావు గంట నుంచి గంట. టైముకు కదులుతుందని నమ్మకు, జనం సరిపడా రావాలి. ముందురోజు ఫోన్ చేసి లాంచీ ఉందో లేదో కనుక్కో. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగాక ఇక్కడ కూడా చాన్నాళ్ళు లాంచీలు ఆపారు, తర్వాత నియమాలు గట్టి చేశారు. లైఫ్ జాకెట్ ఇస్తే ఫోటో కోసం విప్పొద్దు. పిల్లలకు బెల్టులు నువ్వే బిగించి చూడు. లాంచీ నడిపే సరంగు "ఈరోజు వద్దు సార్" అంటే బేరమాడకు, వచ్చిన దారినే తిరిగి వెళ్ళు.

కొండ మీద టైము తక్కువ దొరుకుతుంది. అందరూ దిగగానే మ్యూజియంలోకి పరిగెత్తుతారు. నువ్వూ వెళ్ళు, కానీ అన్ని శిల్పాలూ చూడాలని పంతం పట్టకు, ఏదీ గుర్తుండదు. లోయ నమూనా ఒకటి ఉంటుంది, మొదట దాని దగ్గర పిల్లల్ని నిలబెట్టి నది ఎటు పోయేదో, ఊరెక్కడో, మహాచైత్యం అనే పెద్ద బౌద్ధ స్తూపం ఎక్కడో చూపించు. తర్వాత ఒక్క స్తంభం వెతుకు, మధ్య ఆసియా నుంచి వచ్చిన శకుల సైనికుడిది. తలకు టోపీ, పొడుగు చొక్కా, కాళ్ళకు పైజమా లాంటిది, చేతిలో బల్లెం. మన దేశపు వేషం కాదది. ఇక్కడికెలా వచ్చాడని పిల్లలు అడుగుతారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి రాణుల్లో ఒకావిడ, రుద్రధర భట్టారిక, ఉజ్జయిని మహారాజు కూతురని శాసనంలో ఉందని చెప్పు. ఉజ్జయినిని అప్పుడు ఏలింది శకులే. మా పిల్లలైతే "అయితే వాడు పెళ్ళివారితో వచ్చాడు టీచర్" అని తేల్చేశారు. నేను కాదనలేదు.

బయట స్నానఘట్టం ఉంది. దాని గురించి ఒక సంగతి చెప్పాలి.

ఒక ఏడాది యాభై ముగ్గురితో వెళ్ళాను. తిరుగు లాంచీ ఎక్కాక లెక్కపెడితే యాభై రెండు. మళ్ళీ లెక్కపెట్టాను. యాభై రెండే. చేతులు చల్లబడ్డాయి. అప్పటికే తాడు విప్పేశారు. సరంగు ఒక్క మాట అనకుండా లాంచీ మళ్ళీ ఒడ్డుకి ఆనించాడు. నేను చెప్పులు చేత పట్టుకొని పరిగెత్తాను. ఆరో తరగతి పిల్లాడు స్నానఘట్టం అడుగు మెట్టు మీద కూర్చొని ఉన్నాడు, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి. నన్ను చూసి లేవలేదు. "ఘాట్ ఉంది, నీళ్ళేవి టీచర్?" అన్నాడు.

కొట్టాలనుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఘాట్ ఒకప్పుడు ఉన్న చోట ఇప్పుడు అన్నీ నీళ్ళే. ఘాట్ మాత్రం కొండ మీద ఎండలో ఉంది. వాడికి అదంతా చెప్పే టైము లేదు. చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాను, లాంచీలో చెప్పాను. ఆ తర్వాత ఏటా మ్యూజియం కన్నా ముందు ఘాట్ దగ్గరికే తీసుకెళ్ళేదాన్ని. నువ్వూ అలాగే చెయ్యి. ఇంకొకటి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలలు లెక్కపెట్టు. నీకున్నది ఇద్దరే అయినా సరే.

కొండ మీద హోటల్ ఉంటుందని చెయ్యి ఊపుకుంటూ రావద్దు. నీళ్ళ సీసాలు, తినేవి వెంట తెచ్చుకోండి. తింటుంటే కోతులు వస్తాయి, సంచి మూతి కట్టి ఒళ్ళో పెట్టుకోవాలి. ఖాళీ సీసాలు మళ్ళీ మీ సంచిలోనే వెనక్కి రావాలి.

బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉండేవాడని గైడ్లు ఢంకా బజాయించి చెబుతారు. శాసనాల్లో శ్రీపర్వతం, విజయపురి పేర్లున్నాయి, ఆయన ఇక్కడ ఉన్నాడనడానికి గట్టి ఆధారం లేదు. విను, వాదించకు.

అనుపుకి మర్నాడు పొద్దున వెళ్దాం, అది రోడ్డు దారే, కారు పోతుంది. అక్కడి రంగస్థలంలో కింద నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీదికి వినిపిస్తుంది. పిల్లలకు మ్యూజియం కన్నా అదే ఎక్కువ నచ్చుతుంది, చూడు. రాత్రికి మా ఇంట్లోనే పడుకోండి, హోటల్ బుక్ చేశావంటే ఊరుకోను.

మీ అమ్మని లాంచీలో అంచున కూర్చోబెట్టు. పుల్లారెడ్డిగూడెం ఎటు వైపు ఉండేదో నేను వెంట ఉండి చూపిస్తాను. మీ అమ్మ ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు, దాని గురించి అడగనూ లేదు. మొన్న ఫోన్లో మొదటిసారి అడిగింది.

తేదీ అనుకున్నాక అది శుక్రవారం కాదని చూసుకొని ఫోన్ చెయ్యి. పులిహోర నేను కలిపి తెస్తాను, మీరు పెరుగు మాత్రం తేవద్దు, ఎండకు పులిసిపోతుంది.

మీ పెద్దమ్మ