పెరట్లో మాంసం పొగబెట్టడానికి గ్రావిటీ ఫెడ్ బొగ్గు గ్రిల్ విశాఖపట్నంలో పనికొస్తుందా?

పనికొస్తుంది, గంటల తరబడి సన్నని వేడి మీద మాంసం పొగబెట్టేవారికి ఇది మామూలు బొగ్గుల గ్రిల్ కంటే చాలా సుఖం, కాకపోతే కరెంటు, తుప్పు అనే రెండు చిక్కులున్నాయి.

ఇందులో బొగ్గును నిలువు తొట్టిలో నింపి మూత బిగిస్తారు. గాలి అడుగునే అందుతుంది కాబట్టి నిప్పు అక్కడే ఉంటుంది. కింది బొగ్గు బూడిదయ్యే కొద్దీ పైది తన బరువుతోనే జారుతుంది; గ్రావిటీ ఫెడ్ అంటే అదే. వేడి తగ్గితే చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది, సరిపోగానే ఆగుతుంది.

ఉదాహరణకు, మేక భుజం 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడడానికి ఐదారు గంటలు పట్టవచ్చు. మామూలు గ్రిల్‌లో అంతసేపూ బొగ్గు వేస్తూ, గాలి రంధ్రాలు సర్దుతూ కాపలా కాయాలి. ఇక్కడ మామిడి, జామ చెక్క ముక్కలు బొగ్గులో కలిపి వదిలేయవచ్చు. అయితే బజారు బొగ్గులో పెద్ద పెళ్లలు తొట్టిలో అడ్డం పడితే కింద నిప్పు ఆకలితో చస్తుంది; నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి వేయాలి. వంజరం ముక్కలు కాల్చుకోవడానికైతే ఇంత యంత్రం దండగ.

బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. చెమ్మ పీల్చిన బూడిద దాన్ని ఇంకా తింటుంది, కాబట్టి వాడిన ప్రతిసారీ చల్లారాక తీసేయాలి.

గ్రావిటీ అనగానే కరెంటు అక్కర్లేదని చాలామంది పొరబడతారు. బొగ్గు జారడానికే అక్కర్లేదు, ఫ్యానుకు కావాలి. ఇళ్లకు అమ్మే మోడళ్లలో ఎక్కువవాటికి ఫ్యాను ఆగితే వేడి పడిపోతుంది. తుఫాను రోజుల్లో ఇన్వర్టర్ లేకుండా మొదలుపెట్టకండి.